కోర్టు పంపిన మనిషికి బడి గేటు తీస్తామా?

ఒక ఉదయం హెడ్మాస్టరు గదికి కోర్టు కాగితం పట్టుకుని ఒక మనిషి వచ్చాడనుకోండి. సంతలో చిన్న దొంగతనం చేసి మొదటిసారి పట్టుబడ్డాడు, సొమ్ము తిరిగి ఇచ్చేశాడు. జైలుకు బదులు మన బడిలో కొన్నాళ్లు పనిచేయాలని శిక్ష. ప్రహరీకి సున్నం వేయాలి, చెట్లకు పాదులు తీయాలి. గేటు తీస్తామా?

ఇది ఊహే గానీ గాలిమాట కాదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సామాజిక సేవను శిక్షల్లో చేర్చింది. 5,000 రూపాయల లోపు తొలి దొంగతనం, తాగి బహిరంగంగా అల్లరి చేయడం వంటి కొద్దిపాటి నేరాలకే అది వర్తిస్తుంది. బళ్లారిలోనైనా హోసూరులోనైనా యానాంలోనైనా చట్టం ఒక్కటే. పని సమాజానికి మేలు చేసేదై ఉండాలి, కూలి ఉండదు అన్నారు. ఎన్ని గంటలు, ఎక్కడ, ఎవరి అజమాయిషీలో అన్నది సంహితలో లేదు. విచారణ ఖైదీలతో నిండిన మన జైళ్లు దీనివల్ల ఖాళీ కావు, అది వేరే చిక్కు.

జైలు ఆఖరి మార్గంగానే ఉండాలన్న ప్రయత్నం పాతదే. ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబరులో ఆమోదించిన టోక్యో నిబంధనలు దీనికి పునాది. అయితే కాగితాన్ని పనిలోకి దింపడంలో నాకు నచ్చిన ఉదాహరణ జింబాబ్వే. 1990ల మొదట్లో అక్కడి జైళ్లు కిక్కిరిసి ఉండేవి, లోపల ఉన్నవాళ్లలో చాలామందివి కొద్ది నెలల శిక్షలే. ఏడాదికి మించని శిక్ష పడేవారిని జైలుకు బదులు సేవకు పంపవచ్చేమో చూడమని మేజిస్ట్రేట్లకు చెప్పారు. హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన జాతీయ కమిటీ, కింద జిల్లా కమిటీలు ఏర్పడ్డాయి. పని ఇచ్చింది మాత్రం బడులు, ఆసుపత్రులు, క్లినిక్కులు. వచ్చినవాడి హాజరు, పని చూసుకునే మనిషి ఆ సంస్థలోనే ఉండేవాడు. 1997లో అక్కడి కడోమా పట్టణంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ఈ పద్ధతిని ఇతర దేశాలకూ సిఫారసు చేసింది. మరుసటి ఏడాది కెన్యా, 2000లో ఉగాండా చట్టాలు చేసుకున్నాయి. ఆ బడులు గేట్లు మూసుకుని ఉంటే జడ్జీలు ఎంత మంచి తీర్పు రాసినా మనుషులు జైలుకే పోయేవాళ్లు.

తల్లిదండ్రుల భయాన్ని నేను కొట్టిపారేయను. ఆడపిల్లలు తిరిగే చోటికి ఎవరిని పంపుతున్నారో అడిగే హక్కు బడికి ఉండాలి. హింస, పిల్లల మీద నేరం, మత్తుమందుల కేసు ఏదైనా వెనక ఉంటే నిర్మొహమాటంగా వద్దనాలి. పని బడి వదిలాకో సెలవు రోజునో పెట్టుకోవచ్చు. కానీ ఒప్పుకున్నాక అతన్ని వరండాలో నిలబెట్టి పిల్లలకు చూపించే పని చేయకూడదు. టోక్యో నిబంధనలు శిక్ష పడినవాడి గౌరవాన్నీ, అతని కుటుంబం గుట్టునూ కాపాడమంటున్నాయి. అతని పిల్లలు మన క్లాసులోనే ఉండవచ్చు. అసలు బాల నేరస్థులకు సామాజిక సేవ విధించే వీలు మన బాలల న్యాయ చట్టంలో ముందునుంచే ఉంది. రేపు వచ్చేది మన పూర్వ విద్యార్థే కావచ్చు.

ఇంకొక మాట, మనబోటి చోట్లకే ప్రత్యేకమైనది. పాటించాల్సిన షరతులను నోటితోనూ రాతలోనూ వివరించాలని ఆ నిబంధనలు అంటాయి. హోసూరులో కోర్టు కాగితం తమిళంలో రావచ్చు, బళ్లారిలో కన్నడంలో. ఇంట్లో తెలుగు మాట్లాడే కూలీ ఆ అక్షరాలు చదవలేకపోతే, ఏ రోజు ఎన్ని గంటలకు రావాలో తెలియక మానేస్తాడు. కోర్టు లెక్కలో అతను శిక్ష ఎగ్గొట్టినవాడు. ఒక్క షరతు తప్పినంత మాత్రాన జైలుకు పంపకూడదని టోక్యో నిబంధనలు చెప్పినా, ఆ సంగతి అతని తరఫున ఎవరు చెప్తారు? రెండు భాషలూ చదివి, ఇతనికి కాగితం అర్థం కాలేదని కోర్టుకు రాసి పంపగల మనుషులు ఊళ్లో ఎక్కువమంది ఉండేది మన టీచర్ల గదిలోనే.

వచ్చే పేరెంట్స్ మీటింగులో ఫీజులు, యూనిఫారాల తర్వాత ఈ సంగతి కూడా పెట్టండి. ఎవరిని రానిస్తాం, ఎవరిని రానివ్వం, హాజరు పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి అన్నవి కోర్టు కాగితం రాకముందే తేల్చుకుంటే మంచిది.