అరలు కట్టు అధికారము

పఠనమందిరమున పుస్తకమును తీసి చదువువారు పెక్కుమంది. అది యే యరలో నేల యుంచబడెనని యడుగువారు అరుదు. 1876లో అమెరికా దేశస్థుడగు మెల్విల్ డ్యూయీ ప్రకటించిన దశాంశ వర్గీకరణమున మతగ్రంథములకు నూరు సంఖ్యలు కేటాయింపబడెను. అందు 220 మొదలు 280ల వరకు క్రైస్తవమునకే చెల్లెను. హిందూ, బౌద్ధ, ఇస్లాము మతము లన్నియు 290ల మూలగదిలో ఇరికింపబడెను. అర కట్టినవాని చూపే లోకమునకు కొలత యైనది.

నేడు ఆ పని యంత్రముల చేతికి వచ్చినది. అంతర్జాలములోని అపారమైన వ్రాతను మనుష్యులు వర్గీకరింపజాలరు గనుక, ఏ వస్తువు ఏ జాతిదో, దేనికి దేనితో సంబంధమో తెలుపు పట్టికను యంత్రమే అల్లుచున్నది. 1992లో మార్టీ హర్స్ట్ అను విదుషి ఆంగ్లమున చూపిన ఉపాయము సులభమైనది. "వరి, జొన్న, సజ్జ మొదలగు ధాన్యములు" వంటి వాక్యము కనబడినచో, ఆ మూడును ధాన్యజాతిలోనివని యంత్రము గ్రహించును. 2007లో వెలువడిన యాగో అను పట్టిక, వికీపీడియా వర్గములను వర్డ్‌నెట్ అను ఆంగ్ల పదజాలముతో జతపరచి కూర్చబడినది.

యంత్రమునకు పక్షపాతము లేదని కొందరు వాదించుచున్నారు. యంత్రమునకు లేకపోవచ్చును, దానికి వేసిన మేతకు గలదు. వర్డ్‌నెట్ అరల ఆధారముగా 2009లో వెలసిన ఇమేజ్‌నెట్ అను చిత్రభాండారమున మనుష్యుల చిత్రములకు తిట్టుపేర్లు సైతము తగిలింపబడియుండెను. 2019లో సుమారు 6 లక్షల చిత్రములను తొలగింతుమని నిర్వాహకులే ప్రకటింపవలసి వచ్చెను.

మన భాష సంగతి చూడుడు. ఆంగ్లేయునకు కజిన్ అను నొక్క మాటతో సరి. మనకు పినతండ్రి కొడుకు అన్నయో తమ్ముడో. మేనమామ కొడుకు బావయో మరదియో. ఒకటి తోబుట్టువుల వరుస, ఒకటి వియ్యపు వరుస. ఇరువురిని ఒక్క యరలో వేసినచో మన చుట్టరికమే తారుమారగును. హిందీలో మేనమామ కొడుకును భాయియే. అయినను ఇండోవర్డ్‌నెట్‌లో ఇతర భారతీయ భాషల పదములు హిందీ వర్డ్‌నెట్ చట్రము ననుసరించియే చేర్చబడినవి. పరుల చట్రమున మన మాటలను నింపుట అనువాదమగును గాని వర్గీకరణము కానేరదు.

పైడిపాటి లక్ష్మణకవి తన ఆంధ్రనామసంగ్రహమున తెలుగు పదములను దేవ, మానవ, స్థావర, తిర్యగాది వర్గములుగా ఏనాడో కూర్చెను. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ వృత్తిపదములను కోశముగా వెలువరించిరి. ఇవియే నేటికి చాలునని మేమనము. మన మాటకు అర కట్టు శక్తి మనకు గలదనుటకు ఇవి సాక్ష్యములు.

యంత్రమును త్రోసిపుచ్చుడని మేము చెప్పుట లేదు. దానికి తెలుగు గ్రంథములను, పత్రికలను, కోశములను మేతగా వేయుడు. అది కట్టిన ప్రతి యరను తెలుగెరిగినవారు పరీక్షించి దిద్దవలెను. ఆ పట్టిక ఎవరి పెట్టెలోనో దాగక బహిరంగముగా నుండవలెను. రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును విశ్వవిద్యాలయములును ఇందుకు ధనమును, మనుష్యులను సమకూర్పవలెను. నేడు ఉపేక్షించితిమా, రేపు మన బిడ్డలు బావ యను మాటకు అర్థమును పరుల పట్టికలో వెదకుకొందురు. అచట వారికి కజిన్ మాత్రమే దొరకును.