అది పొగరు కాదండీ!

మా వీధిలో కుక్కలకి రెండే జబ్బులు. ఒకటి పొగరు, రెండోది తిక్క. చెప్పు కొరికితే పొగరు. ఇంటికి తాళం పెట్టి అందరూ పెళ్ళికి పోతే రోజంతా ఏడ్చిందనుకోండి, అది తిక్క. రెంటికీ మందు మాత్రం ఒకటే... చేతికందిన చీపురుకట్ట! నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

"తప్పు చేశానని దానికి తెలుసమ్మా! నన్ను చూడగానే తోక ముడుచుకుని మంచం కింద దూరుతుంది" అంటారు మా పక్కింటి పిన్నిగారు, సాక్ష్యం దొరికిన ప్లీడరులా. ఈ సాక్ష్యం చెల్లదు. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 14 కుక్కల మీద ఈ సంగతే పరీక్షించి, 2009లో ప్రకటించారు. వద్దన్నది తిన్నా తినకపోయినా, యజమాని తిట్టినప్పుడే కుక్క ముఖంలో ఆ దొంగచూపు ఎక్కువగా కనిపించిందిట. పైగా ఏ పాపమూ ఎరగని కుక్కల్లోనే మరీనూ! అంటే, మనం పశ్చాత్తాపం అనుకునేది మన ఉరిమే ముఖం చూసి పుట్టిన బెదురన్నమాట.

మధ్యాహ్నం కొరికిన చెప్పుకి సాయంత్రం ఆరింటికి దెబ్బలు పడితే, ఆ రెంటికీ సంబంధం దానికెలా తెలుస్తుంది? పళ్ళొచ్చే పిల్లకి చిగుళ్ళ సలుపు, పనిలేని పెద్దదానికి విసుగు, ఒంటరిదానికి దిగులు. కొరకడం ఒకటే, కారణాలు మూడు. దిగులుకి భయం కూడా తోడైతే మర్నాడు చెప్పుతోపాటు దిండూ పోతుంది.

అన్నిటికన్నా ప్రమాదం, గుర్రుమంటే కొట్టి మాన్పించడం. "నాకు భయంగా ఉంది, దగ్గరికి రాకు" అని చెప్పడానికి దానికున్న మాట అదొక్కటే. తింటున్న కుక్క గిన్నెలో చెయ్యి పెట్టిన పిల్లాణ్ణి పక్కకి లాగేవాళ్ళుండరు గాని, కుక్కని బాదేవాళ్ళు నలుగురు! కొడితే గుర్రుమనడం మానుతుంది, భయం మానదు. ఆపైన ఒకరోజు చెప్పకుండానే కరుస్తుంది. "ఉన్నట్టుండి కరిచిందండీ" అంటారు. మరి దాని నోరు నొక్కిందెవరు?

పడీ పడీ ఒక్కరోజు ఎదురు జవాబిస్తే "పొగరెక్కింది" అనిపించుకోవడం మన ఆడవాళ్ళకి కొత్తా? ఆ బాధ తెలిసిన మనమే మూగజీవానికి ఆ పేరే పెడితే ఎలా?

"అయితే నెత్తికెక్కించుకోమంటారా?" అంటారేమో. అక్కర్లేదు. పశువుల డాక్టరుకి చూపించండి. చెవిపోటూ, పంటినొప్పీ కూడా కోపంలాగే కనిపిస్తాయి. కొరుక్కోవడానికి దానికంటూ ఒక వస్తువివ్వండి. తినేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి. దీపావళి రాత్రి వరండాలో కట్టెయ్యకుండా లోపలి గదిలో ఉండనివ్వండి. రోజూ కాస్త నడిపించండి. నడిపించడం మన దయ కాదు సుమా! ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకి తగిన వ్యాయామం లేకుండా చేస్తే, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది యజమాని నేరం.

దొంగలొస్తే మొరగాలి, చుట్టాలొస్తే మొరగకూడదు, మనం ఊళ్ళో లేకపోతే ప్రాణం లేనట్టు పడి ఉండాలి... ఇన్ని షరతులు పెట్టేవాళ్ళు కుక్కని తెచ్చుకునే బదులు గేటుకి ఓ మంచి తాళం కొనుక్కోవడం మేలు. తాళానికి భయం ఉండదు, దిగులూ ఉండదు.