అతుకు కనపడని అబద్ధం

ఛాయాచిత్రం అబద్ధం చెప్పదన్న నమ్మకానికి కాలం చెల్లి చాలా ఏళ్లే అయింది. అయినా ప్రభుత్వ యంత్రాంగంలో ఆ నమ్మకమే నేటికీ రాజ్యమేలుతోంది. విమానాశ్రయమూ, కళాశాలలూ కొలువుదీరిన పుదుచ్చేరిలోని లాస్‌పేట మొదలుకొని, అదే కేంద్రపాలిత ప్రాంతంలో అంతర్భాగమైన తెలుగు గడ్డ యానాం వరకు, రెండు ఫొటోలను అతుకు తెలియకుండా ఒకటి చేయడం నేడు వీధి చివరి స్టూడియోకూ సాధ్యమైన పనే. కన్నుమూసిన తండ్రిని పెళ్లి ఫొటోలో తన పక్కన నిలుపుకోవాలనుకునే కూతురి కోరికను ఎవరూ తప్పుపట్టరు. అదే నేర్పు ప్రజాధనానికి లెక్క చెప్పే చిత్రంలోకి చొరబడితేనే ముప్పు.

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1857లోనే ఇంగ్లండులో ఆస్కార్ రేలాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లను జోడించి ఒకే చిత్రాన్ని రూపొందించాడు. 1990లో ఫొటోషాప్ విపణిలోకి వచ్చింది. 1994లో ఒక చిత్రంపై మరో చిత్రాన్ని పొరగా పరిచే వెసులుబాటు దానికి తోడైంది. రెండు చిత్రాలు కలిసేచోట ఒకదాని గాఢతను క్రమేణా తగ్గిస్తూ మరొకదాని గాఢతను పెంచితే సరిహద్దు మాయమవుతుంది. రంగు, వెలుతురు, నీడల దిశ కుదిరితే కంటికి అనుమానమే రాదు. చీకటి గదిలో నిపుణులు రోజుల తరబడి శ్రమించి సాధించినది అలా సామాన్యుడి చేతికందింది.

ఏలినవారు సైతం ఈ ఆకర్షణకు అతీతులు కారని 2015 డిసెంబరులో రుజువైంది. చెన్నై వరదలను ప్రధాని నరేంద్ర మోదీ గగనతలం నుంచి పరిశీలిస్తున్నట్లుగా కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం విడుదల చేసిన ఒక చిత్రంలో, కిటికీ వెలుపలి దృశ్యం అసలు ఫొటోలోనిది కాదని తేలింది. రెండు చిత్రాలను కలపడం పొరపాటేనని అంగీకరించి, ఆ కార్యాలయం దాన్ని ఉపసంహరించుకుంది. ప్రధాని పర్యటన వాస్తవం, వరదా వాస్తవమే. నిజానికి మెరుగులు దిద్దబోయి నిజాన్నే శంకించేలా చేసుకోవడం ఎంతటి అవివేకమో ఆ ఉదంతం చాటింది.

సామాన్యుడి కూడు ఫొటోతో ముడిపడినప్పుడు సమస్య మరింత తీవ్రమవుతుంది. గ్రామీణ ఉపాధి హామీ పథకంలో వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా మిగిలినవాటన్నింటికీ 2023 జనవరి 1 నుంచి కూలీల హాజరును రోజుకు రెండు దఫాలు ఫొటోలతో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. దొంగ మస్టర్లకు అడ్డుకట్ట వేయడమే దాని లక్ష్యం. తీరా 2025 జులైలో, పనితో సంబంధం లేని చిత్రాలను ఎక్కిస్తున్నారనీ, ఫొటోకే ఫొటో తీసి పంపుతున్నారనీ కేంద్రమే రాష్ట్రాలను హెచ్చరించవలసి వచ్చింది. అతుకులు వేసే నేర్పు కూడా అవసరం లేకుండానే వ్యవస్థ బోల్తాపడిందంటే, ఆ నేర్పు తోడైతే గతేమిటి? ఎవరో చేసిన మోసానికి, ఎండలో నిజంగా పలుగు పట్టిన కూలీ వేతనానికి ఎసరు రావడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

ఈ విషయంలో న్యాయవ్యవస్థ కొంత మెలకువగా ఉంది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతపరచాలి. ఆ ఫైలుకు వేలిముద్ర వంటి హాష్ విలువను అందులో పేర్కొనాలి. అనంతరం ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ విలువ మారిపోతుంది. అయితే అంతకుముందే అతికించిన చిత్రాన్ని అది పట్టివ్వలేదు. కనుక మూల చిత్రాన్ని భద్రపరచడమే అసలైన రక్ష.

సాఫ్ట్‌వేర్‌ను నిషేధించాలనడం కత్తిని చూసి వంటింటికి తాళం వేయడమే. ప్రభుత్వ శాఖలు తాము విడుదల చేసే ప్రతి చిత్రానికీ మూల ప్రతిని దాచి ఉంచాలి. కలిపిన చిత్రమైతే ఆ మాట దాని కిందే రాయాలి. బిల్లుల చెల్లింపునకు ఫొటో ఒక్కటే ఆధారం కారాదు. కొలతల పుస్తకం, గ్రామసభ, సామాజిక తనిఖీ దానికి తోడుండాలి. కూలీ నిలబడిన చోటికి వెళ్లి చూసే అధికారి కన్నుకు ప్రత్యామ్నాయం ఏ కెమెరా కాదు. ఆ కష్టం తప్పించుకోవడానికే ఫొటోను నమ్మడం మొదలుపెడితే, మోసపోవడానికి సర్కారు సిద్ధంగా ఉన్నట్లే!