చిన్న వర్తకుల వ్యాజ్యము

ఇంటనుండియే ఫోనులో సరకులు తెప్పించుకొనుట మనకు వాడుకయైనది; మేమును తెప్పించుచున్నాము. కాని ఆ యంగడిలో నెవరి సరకు ముందు కనబడవలెనో నిర్ణయించునది అంగడి యజమానియే. అమెజాను, ఫ్లిప్‌కార్టు సంస్థలు తమకిష్టులైన కొందరు విక్రేతలకే ముందుచోటిచ్చుచు, సెల్‌ఫోనులపై విపరీతమైన తగ్గింపులిచ్చి చిన్న వర్తకుల నోట మన్ను గొట్టుచున్నవని ఢిల్లీ వ్యాపార మహాసంఘమువారు ఫిర్యాదు చేసిరి. 2020 జనవరిలో భారత కాంపిటీషన్ కమిషన్‌వారు దర్యాప్తునకు ఉత్తరువు చేసిరి. కంపెనీలు కర్ణాటక హైకోర్టునకెక్కి స్టే తెచ్చుకొన్నవి. 2021 జూన్‌లో వాని పిటీషన్లును, జూలైలో అప్పీళ్లును పోయినవి. ఆగస్టులో సుప్రీంకోర్టును జోక్యము చేసికొనలేదు. దోషము తేలుటకు గాదు, దర్యాప్తు సాగుటకే ఇంత తగవు! సుమారు పందొమ్మిది నెలలు గడచినవి. దుకాణపు అద్దె మాత్రము ఒక్క నెలయైనను ఆగలేదు.