విప్పని పెట్టెకు పట్టాభిషేకము

2021 జూలై నెలలో అమెరికా దేశమందలి హెరిటేజ్ ఆక్షన్స్ అను వేలశాలలో ‘సూపర్ మారియో 64’ అను వీడియో ఆట పెట్టె యొకటి 15,60,000 డాలర్లకు అమ్ముడుపోయినది. అంతకు రెండు దినములు ముందు అదే వేలశాలలో ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ పెట్టె 8,70,000 డాలర్లు పలికినది. మఱుసటి నెలలో ర్యాలీ యను సంస్థ ద్వారా ‘సూపర్ మారియో బ్రదర్స్’ పెట్టె 20 లక్షల డాలర్లకు చేతులు మాఱినది. ఈ వార్తలను లోకమందలి పత్రికలు పండుగ వార్తలవలె ప్రకటించినవి. కొన్నదేమి యని యడిగినవారు మాత్రము స్వల్పము.

కొన్నది ఆటయా? కాదు. ‘సూపర్ మారియో 64’ 1996లో వెలువడి, కోటికి పైగా ప్రతులు అమ్ముడైన ఆట. విప్పిన ప్రతి నేటికిని కొన్ని పదుల డాలర్లకు దొరకును. కోటి ప్రతులున్న వస్తువు అరుదెట్లగును? అరుదైనది ఆట కాదు. దాని పెట్టెపై చుట్టిన ప్లాస్టిక్కు పొర. ఆ పొర చినిగినచో లక్షలు పోయి పదులు మిగులును. వీణను మీటినచో వెల తగ్గునని గవిసెనతోడనే పూజించువానిని మన మేమందుము? మన పట్టణములలో 1990 దశకమున టీవీకి తగిలించిన నకలు యంత్రములపై మారియోను గెంతించిన బాలురు నేడు నడివయస్కులు. వారి యానందమునకు ఈ పొరతో పని లేకపోయినది.

నిజముగా అరుదైనవి లేకపోలేదు. 1990లో నింటెండో కంపెనీవారు జరిపిన పోటీలకు సంబంధించిన కార్ట్రిడ్జీలు బూడిదరంగువి 90, బంగారు రంగువి 26 మాత్రమే. వానికి వెల హెచ్చిన విడ్డూరము లేదు.

విడ్డూరమంతయు మార్కులలో నున్నది. వాటా గేమ్స్ అను సంస్థ పెట్టె యట్టకును, పై పొరకును వేర్వేఱుగ మార్కులు వేసి, పారదర్శకమైన కవచములో బిగించి యిచ్చును. (ఆ పేరు వినగానే తెలుగువారికి నవ్వు వచ్చునేమో, అది కాకతాళీయము.) ఈ సంస్థ 9.4 మార్కులు వేసిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ పెట్టెను 2019 ఫిబ్రవరిలో ముగ్గురు కలిసి 1,00,150 డాలర్లకు కొనిరి. ఆ ముగ్గురిలో నొకరు జిమ్ హాల్పెరిన్. హెరిటేజ్ వేలశాల స్థాపకులలో నొకరు. పిమ్మట ఆ వేలశాలయే అదే యాట పెట్టెలను 2020 జూలైలో 1,14,000 డాలర్లకును, 2021 ఏప్రిలులో 6,60,000 డాలర్లకును విక్రయించినది.

దీనిని మేము నేరమనము. వాటాపై 2022లో కాలిఫోర్నియాలో వేసిన వ్యాజ్యమందలి ఆరోపణలను ఋజువులుగా భావింపము; ఆరోపణకును ఋజువునకును గల దూరము మావంటి ప్లీడర్లకు బాగుగ దెలియును. కాని వేలశాల స్థాపకుడే కొనువారిలో నొకడైనపుడు, ఆ బేరమున బుట్టిన ధరను విపణి నిర్ణయమని చాటుట యే న్యాయము? మునసబు కోర్టులో సైతము తన వ్యాజ్యమును తానే విచారించుకొను వాడు లేడు గదా! కొనువారికిని, అమ్మువారికిని, మార్కులు వేయువారికిని గల సంబంధములను వేలమునకు ముందే బహిరంగ పఱుపవలెనని కోరుట అత్యాశ కానేరదు.

సేకర్తలే లేకున్న ఈ యాటలు మట్టిపాలయ్యెడివని యొక వాదము గలదు. ఇందు సత్యము లేకపోలేదు. మట్టిపాలగుట అక్షరాలా జరిగినది. 1983లో అటారీ కంపెనీ అమ్ముడుపోని సరకును న్యూ మెక్సికోలోని ఆలమొగార్డో పట్టణపు చెత్తగుంటలో పూడ్చినది. 2014లో త్రవ్వగా సుమారు 1,300 కార్ట్రిడ్జీలు దొరికినవి. వానిలో కొన్ని వందలు అమ్మగా లక్ష డాలర్లకు మించి వచ్చినవి! ఎవరును కోరని నాడు పాతసరకుల యంగళ్లు గాలించి, ఆటలను తెచ్చి, ఆడి, లోపలి సమాచారమునకు నకలు తీసి నిలిపిన సేకర్తలకు మా నమస్కారములు. పెట్టెయే విప్పనివాడు రక్షించున దేమి? ‘జెల్డా’ కార్ట్రిడ్జిలో, ఆడువాడు ఎంతవఱకు వచ్చెనో జ్ఞాపకముంచుటకు చిన్న బ్యాటరీ యొకటి గలదు. బ్యాటరీ చిరంజీవి కాదు. మార్చవలెనన్న విప్పవలెను, విప్పిన 8,70,000 డాలర్ల మాట యేమగును? కావున విప్పరు. అది లోపల చచ్చినను, పైన మార్కులు చెక్కుచెదరవు.

ఇక సామాన్యుని గతి యేమి? 2010కి పూర్వము అమెరికాలో వెలువడిన ఆటలలో 87 శాతము విపణిలో లభించుట లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారు తమ పరిశీలనలో తేల్చిరి. అట్టి యాటలను దూరప్రాంతములనున్న పరిశోధకులకు అందించుటకు గ్రంథాలయములకు మినహాయింపు కావలెనని కోరగా, 2024 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము నిరాకరించినది. వినోదమునకు వాడుకొందురేమో యని శంక యట! ఆనందము కొఱకు చదువుదురేమో యని పఠనమందిరమునకు తాళము వేసినవారిని చదువరు లెందైన జూచిరా? ధనికుడు పొర విప్పక దాచుకొనుటకు అడ్డు లేదు; గ్రంథాలయము విప్పి చూపుటకు అడ్డు గలదు. ఈ శాసనము మాఱవలెను.

2025 జనవరిలో ఆ ఫౌండేషన్ వారే డిజిటల్ గ్రంథశాల నొకదానిని తెఱచిరి. పాత యాటల పత్రికలను, తయారీ పత్రములను అందు ఎవరైనను చదువవచ్చును. ఆటలు మాత్రము అందు లేవు.