నమ్మకమే వారసత్వం

మందమర్రి సింగరేణి బొగ్గుగనుల పట్టణం. గనిలోకి దిగే కార్మికుని కుటుంబానికి జీవిత బీమా ఒక ధైర్యం. 1956 సెప్టెంబరు 1న ఏర్పడిన భారతీయ జీవిత బీమా సంస్థకు గడపగడపలోనూ కనిపించే రూపం ఏజెంటే. నిబంధనల మేరకు, ఏజెంటు మరణించినా రెన్యువల్ కమీషన్ అతని వారసులకు అందుతుంది. నమ్మకం మాత్రం అలా సంక్రమించదు. తండ్రి పేరు చెబితే కుమారునికి తలుపు ఒకసారి తెరుచుకొంటుంది. ఆపై అతని నడతనుబట్టే ఆదరణ.

చెప్పులరిగేలా తిరగనిదే ఈ వృత్తి సాగదన్నది నిజమే. అయితే పాలసీ కుదరాలన్న ఆత్రంతో ఖాతాదారుని వ్యాధిని దాచి రాయిస్తే, మూడేళ్లలోపు అది బయటపడినప్పుడు క్లెయిము తిరస్కరణకు గురికావచ్చు. నష్టపోయేది దిక్కులేని కుటుంబం. ఉన్నదున్నట్లు రాయించి, ప్రీమియం గడువు గుర్తుచేసి, ఆపద వేళ ఆ ఇంటికి వెళ్లి కాగితాలు పూర్తిచేసేవాడే ఆ వృత్తికి నిజమైన వారసుడు.