బతుకమ్మ సెలవుల్లో స్పెషల్ క్లాసులు వద్దు



పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు కొందరు ఈ మధ్య ఒకే మాట అడుగుతున్నారు: దసరా సెలవుల్లో ఒక్క పూటైనా క్లాసులు పెట్టమని. మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఉన్నాయి కాబట్టి వారి కంగారు అర్థమవుతుంది. అయినా తెలుగు టీచరుగా నా అభిప్రాయం మాత్రం వద్దనే.

ఈ సెలవుల్లో బతుకమ్మ కూడా ఉంది. తెలంగాణ ఏర్పడిన 2014లోనే ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఉద్యమకాలంలో ఆడవాళ్లు బతుకమ్మలతో రోడ్ల మీదికి వచ్చారు కాబట్టే ఆ గుర్తింపు అంత త్వరగా దక్కింది.

సెలవు విలువ ఏమిటో అమెరికాలో ఉన్న మన బంధువులను అడగండి. అక్కడ దీపావళి నాడు బడికి పంపాలా, ఇంట్లో ఉంచాలా అని ఏటా తర్జనభర్జన పడేవారు. న్యూయార్క్ నగర ప్రభుత్వ పాఠశాలలకు దీపావళి సెలవు ఇస్తూ 2023 నవంబరులో చట్టం వచ్చింది. పిల్లలు ఆ సెలవు మొదటిసారి చూసింది 2024 నవంబరు 1న. కాలిఫోర్నియాలో 2025 అక్టోబరులో గవర్నరు సంతకం పెట్టారు. ఏళ్ల తరబడి అడిగితే వారికి ఒక్క రోజు వచ్చింది. మనకు గత ఏడాది దసరా, బతుకమ్మలకు కలిపి 13 రోజులు వచ్చాయి. వాటిని మనమే వెనక్కి ఇచ్చేద్దామా?

సెలవులకు ముందు రోజు స్కూల్లో జరిగే బతుకమ్మ సంబరం ఫొటోలకు బాగుంటుంది. కానీ అది ప్రోగ్రాం మాత్రమే. పండుగంటే పొద్దున్నే సంచి పట్టుకుని అడవి అంచున తంగేడు, చేల గట్ల మీద గునుగు కోసుకురావడం. తంగేడు మన రాష్ట్ర పుష్పమని జీకేలో రాసే పిల్లల్లో దాన్ని చెట్టు మీద చూసినవారెందరు? ఎంగిలిపూల నాడు మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజుల్లో ఒక్కో రోజుకు ఒక్కో పేరు, ఒక్కో నైవేద్యం. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. (అమ్మవారికే ఒక రోజు సెలవుంది, గమనించండి.) ఇవన్నీ నానమ్మ పక్కన కూర్చుంటేనే వస్తాయి.

"మాది కృష్ణా జిల్లా, మాకు బతుకమ్మ అలవాటు లేదు" అనే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. కేటీపీఎస్ ఉద్యోగాలకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడిన ఊరు మనది. పక్కింటివాళ్లు పేర్చేటప్పుడు అమ్మాయిని, అబ్బాయిని కూడా పంపండి, పూలు అందిస్తారు.

ఇదే వరసలో ఇంకో మాట. మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు 1996లోనే రాష్ట్ర పండుగ హోదా వచ్చింది. రెండేళ్లకోసారి మన కోయ పిల్లలు, మరెందరో ఆ జాతరకు వెళ్తారు. తిరిగొచ్చాక ఎందుకు రాలేదని నిలదీయకుండా, పోయిన పాఠాలు మళ్లీ చెప్పే బాధ్యత టీచర్లు తీసుకోవాలని స్టాఫ్ మీటింగ్‌లో అడగబోతున్నాను.

సిలబస్ సంగతంటారా, పని దినాల్లో పూర్తి కావాల్సిందే. వెనకబడిన పిల్లలకు సెలవుల తర్వాత సాయంత్రం ఒక గంట అదనంగా కూర్చోబెట్టవచ్చు. తెలుగులో నేనైతే హోంవర్క్ ఇవ్వడం లేదు. బడి తెరిచిన రోజు ఒక్కొక్కరూ తాము కోసిన పూల పేర్లు నోటితో చెబితే చాలు.